లష్కర్ హన్మంతు మూసిన తూము

లష్కర్ హన్మంతుకు వాసన తెలియదు. మా గల్లీలో చిన్నా పెద్దా అందరికీ తెలిసిన సంగతే ఇది. మల్లెపూలు ముక్కు కింద పెట్టినా, మురుగు మోరీ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టినా ఆయనకు ఒకటే. కరోనా రోజుల్లో మొగుడూ పెళ్ళామూ ఇద్దరూ ఒక్కసారే జ్వరంతో పడ్డారు. ఆమె, పెంటవ్వ, పెద్ద దవాఖానకు పోయి మళ్ళీ రాలేదు. ఈయన వచ్చాడు. వచ్చినవాడికి నోటి రుచి కొన్నాళ్ళకు తెలిసింది గానీ, పోయిన వాసన పోయినట్టే ఉండిపోయింది.

లష్కర్ అనగానే పటాలంలో పనిచేసినవాడు అనుకునేరు. మా బాన్సువాడ దిక్కు నిజాంసాగర్ కాలువ మీద తూములు తెరిచి మూసే మనిషిని లష్కర్ అంటారు. హన్మంతు వయసంతా ఆ కాలువ కట్ట మీదే గడిచింది. తూము తిప్పే ఇనుపరాడ్డు సైకిలుకు కట్టుకొని పొద్దున్నే బయలుదేరితే, ఏ మడికి నీళ్ళు ఎప్పుడెక్కాలో అంతా ఆయన నాలుక మీదే ఉండేది. వంతు రాకుండా ఒక్క చెంబు నీళ్ళు కూడా ఎవరికీ వదిలేవాడు కాదు. సొంత బావమరిది పొలం ఎండుతుంటే, "నీ వంతు రానియ్యి బావా" అని కట్ట మీద కూర్చొని బీడీ ముట్టించాడట. ఆ కోపంతో బావమరిది తన బిడ్డ పెళ్ళికి పిలవలేదు. పిలవలేదని హన్మంతూ బాధపడలేదు.

ఒక వానాకాలం కాలువకు గండి పడింది. కిందంతా అప్పుడే నాట్లేసిన పొలాలు. జనమంతా ఇసుక బస్తాలు మోసుకొని గండి దగ్గరికి ఉరుకుతుంటే, హన్మంతు ఒక్కడే ఎదురుదిక్కు సైకిలు తొక్కాడు. భయపడి పారిపోతున్నాడని తిట్టినవాళ్ళున్నారు. ఆయన పైకి పోయి తూము మూసి వచ్చేసరికి ఇక్కడ నీటి ఉరవడి దానంతటదే తగ్గింది, బస్తాలు నిలబడ్డాయి, నాట్లు దక్కాయి. ఆ ముచ్చట నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చెప్పినప్పుడల్లా చివరి మాట ఒకటే.

"గండి వడ్డప్పుడు గండి దిక్కు సూడొద్దక్కా. ముందుగాల తూము బంద్ జెయ్యాలె. నీళ్ళే రాకుంటే గండి ఏం జేస్తది?"

వినడానికి బాగుండేది. చాయ్ తాగుతూ తలూపేదాన్ని.

పెంటవ్వ బీడీలు చేసేది. రాధాకుమారి వాళ్ళ ఇంట్లో కిందిగది వీళ్ళకు కిరాయికిచ్చారు. రాధాకుమారి వాళ్ళు కోస్తా నుంచి తాతల నాడు వచ్చి కాలువ కింద భూములు కొనుక్కొని స్థిరపడ్డవాళ్ళు. పైన వాళ్ళు, కింద వీళ్ళు. పిల్లాజెల్లా లేని సంసారం. గడప దగ్గర కాళ్ళు చాపుకొని, ఒళ్ళో చాట పెట్టుకొని, పెంటవ్వ ఆకు కత్తిరిస్తూ, తంబాకు పోస్తూ, దారం చుడుతూ గల్లీలో పోయే ప్రతివాళ్ళతో ముచ్చట పెట్టేది. ఏళ్ళ తరబడి ఆ తంబాకు గోడలకు పట్టి, గదిలోకి అడుగు పెడితే ఘాటుగా ముక్కుకు తగిలేది. ఆమె పోయాక చాట గోడకు ఆనించే ఉంది. మిగిలిన తునికాకు కట్ట మూలకు అలాగే ఉంది.

ఒకసారి నేను పచ్చడి ఇచ్చొద్దామని పోతే హన్మంతు గోడకు ముక్కు ఆనించి నిలబడి ఉన్నాడు. ఏం చేస్తున్నావని అడక్కుండా ఊరుకునే మనిషిని కాను గదా నేను.

"ఏందది తమ్మీ, గోడను ముద్దు వెట్టుకుంటున్నవా?"

సిగ్గుపడి దూరం జరిగాడు. కొంచెంసేపటికి అడిగాడు. "అక్కా, గోడలకు ఇంక తంబాకు వాసన వస్తుందా? నాకైతే తెలుస్తలేదు."

నేను దగ్గరికి పోయి పీల్చి చూశాను. వస్తోంది. పెంటవ్వ కొంగు వాసన లాగే ఉంది.

"మస్తుగ వస్తుంది" అన్నాను.

"మంచిగ" అన్నాడు. "ఉండనీ."

అందుకే గదికి సున్నం వేయిస్తానని రాధాకుమారి ఎన్నిసార్లు అన్నా వద్దనేవాడు. వేరే చోట ఇంతకన్నా మంచి గది చూపిస్తానన్నవాళ్ళకూ తల అడ్డంగా ఊపేవాడు.

ఆ గదిలోకి పోయిన వానాకాలం పిల్లి చేరింది. తల్లిపిల్లి ఆ తునికాకు కట్ట వెనక ఈనింది. బోధన్ రోడ్డు మీద ఏదో లారీ కింద పడి అది చచ్చిపోతే, కూనల్లో ఒక్కటే బతికింది. మూడోనాడు హన్మంతు ముసురుకు తడిసి ఇంటికొచ్చేసరికి, అది పెంటవ్వ చాటలో ముడుచుకొని పడుకొని ఉందట. కొత్త వరద నీళ్ళ రంగు, గుప్పెడంత ఒళ్ళు. నిజాంసాగర్‌కు నీళ్ళిచ్చే ఏటి పేరే, మంజీర అని పెట్టాడు. పెంటవ్వ పోయిన తర్వాత ఆయన గదిలో నుంచి మాట బయటికి వినిపించింది మళ్ళీ అప్పుడే. "ఏందే మంజీరా, గట్ల సూస్తవ్, నీ వంతు ఇంక గాలేదు" అని దానితో పంచాయితీ పెట్టుకుంటుంటే నేను మా అరుగు మీద కూర్చొని నవ్వుకునేదాన్ని.

పిల్లి అంటే పాలే గదా అని మా అందరి లెక్క. హన్మంతు రోజూ చిక్కటి బర్రెపాలు తెచ్చి, అన్నం పిసికి, గిన్నెలో పెట్టేవాడు. అది ముందు ఆత్రంగా తినేది. తర్వాత దాని పొట్ట డప్పులాగా ఉబ్బేది. ఆ తర్వాత మొదలయ్యాయి నీళ్ళవిరేచనాలు. మంచం కింద, మూలకు, తలుపు వెనక, ఎక్కడపడితే అక్కడ. తుడిచేవాడు పాపం, కనిపించినంతవరకు. కనిపించనిది ముక్కుకే తెలియాలి. ఆ ముక్కు ఆయనకు లేదు.

ఆ కంపు కిందిగదిలో ఆగలేదు. మెట్లెక్కి పైకి పోయింది. ఒక పొద్దున రాధాకుమారి చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని కిందికి దిగింది.

"ఏంటండీ ఈ కంపు? వంటింట్లో నిలబడలేకపోతున్నాం. మీకేం తెలీట్లేదా?"

"తెలుస్తలేదమ్మా" అన్నాడు హన్మంతు. నిజమే చెప్పాడు. ఆమెకేమో అది ఎగతాళిగా వినిపించింది.

"నేను పిల్లికి శత్రువునేం కాదు. కానీ దసరాకి మావాళ్ళొస్తన్నారు. ఈలోపల వాసన పోవాలి. లేదంటే పిల్లినన్నా ఎక్కడన్నా వదిలెయ్యండి, గదన్నా ఖాళీ చెయ్యండి. రెండిట్లో ఏదో ఒకటి, మీ ఇష్టం."

హన్మంతు ఆమె వెళ్ళిందాకా తలవంచుకొని నిలబడ్డాడు. ఆ తర్వాత నేరుగా మా ఇంటికి వచ్చాడు. గడప బయటే నిలబడి అన్నాడు.

"అందరి ఇండ్లల్ల ఏమవుతుందో నీకే గావాలె గదా అక్కా. గా ముక్కేదో జెర నాకు గూడ పనికి రానియ్యి."

"ఏందిరా, నా మీదనే ఏస్తున్నవా?"

"నాకెవరున్నరక్కా చెప్పేటోళ్ళు? వాసన ఉన్నదో పోయిందో నాకెట్ల తెలుస్తది? గదీ ఇడువను, గా పిల్లనూ ఇడువను. నువ్వు పొద్దుగాల వచ్చి ఒక్కసారి పీల్చి చెప్పు."

అలా నేను ఆయన ముక్కునయ్యాను. వాకిలి ఊడ్చి ముగ్గేశాక వాళ్ళ గదికి పోయేదాన్ని. పరీక్ష రాసిన పిల్లగాడిలా ఆయన గోడకు ఆనుకొని నిలబడేవాడు. నేను మూలమూలకూ వంగి పీల్చి, "ఈడ ఉన్నది", "మంచం కోడుకు తగిలింది", "ఇయ్యాల నయం" అని చెప్పేదాన్ని. చూసిపోయేవాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వనీ అనుకున్నాం.

ముందు పిల్లికి ఒక చోటు నేర్పాలన్నాను. మేస్త్రీలు వదిలేసిన ఇనుపతట్ట ఒకటి తెచ్చాడు. అందులో కాగితాలు వేస్తే అది చించి ఆడుకుంది. రైస్‌మిల్లు నుంచి వరిఊక తెచ్చి పోస్తే, తడి పీల్చలేదు సరిగదా, పిల్లి గోకిన గోకుడుకు గదంతా కల్లం అయింది. హోటలు పొయ్యి బూడిద పోస్తే కంపు తగ్గింది గానీ, పిల్లి తెల్లటి పాదాలతో రాధాకుమారి నల్లరాతి మెట్ల మీద పైదాకా ముగ్గు పెట్టి వచ్చింది.

చివరికి హన్మంతుకే తోచింది. కాలువ ఇసుక. పొద్దున్నే సంచి తీసుకొని కట్ట మీదికి పోయి, నీళ్ళు తగ్గినచోట మెత్తటి ఇసుక తవ్వి, ఎండకు ఆరబెట్టి, జల్లించి తట్టలో పోశాడు. పిల్లి దాంట్లోకి దిగి, గుంత తవ్వి, పని కానిచ్చి, మళ్ళీ తనే కప్పి పెట్టింది. హన్మంతు మొఖం చూడాలి అప్పుడు! "సూసినవా అక్కా, కాలువ పిల్ల అది! కట్ట పూడ్చినట్టు పూడ్చింది" అని మురిసిపోయాడు. గడ్డకట్టింది ఎప్పటికప్పుడు ఎత్తి పారేసేవాడు. వాడిన ఇసుక పారబోసి, తట్ట కడిగి ఎండలో బోర్లించేవాడు.

ఇసుక బాగానే ఉంది, కానీ కడుపే బాగుపడలేదు. కోడికూర దుకాణం బాలరాజ్ ఒకరోజు ఆ సంగతి విని కత్తి పక్కన పెట్టి మరీ అడిగాడు.

"పాలు వోస్తున్నవా తాతా? బర్రెపాలా? గింతంత పిల్లకా? బంద్ జెయ్యి. గా పాలతోనే దానికి పొట్ట వోతుంది. మా దుకాణం ముందట ఇన్ని పిల్లులు పెరుగుతున్నయ్, ఒక్కదానికన్న పాలు వోసిన్నా నేను?"

ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం చిన్నచిన్న ముక్కలు, ఒక్కోరోజు ఉడికిన గుడ్డు, పక్కన గిన్నెలో ఎప్పుడూ నీళ్ళు. బాలరాజ్ చెప్పింది ఇంతే. హన్మంతు దానికి తన పద్ధతి కలిపాడు. కాలువకు నీళ్ళు వదిలినట్టే దానికి తిండి వంతుల ప్రకారం పెట్టేవాడు. మధ్యలో ఎంత అరిచినా పెట్టేవాడు కాదు. "లొల్లి జేస్తే వంతు ముందుగాల రాదే" అనేవాడు. అది ఆయన కాళ్ళ చుట్టూ తిరిగి తిరిగి పడుకునేది.

కొద్దిరోజులకే ఫలితం కనిపించింది. ఒక పొద్దున నేను ఇంకా ముగ్గు గిన్నె కింద పెట్టకముందే హన్మంతు మోదుగాకులో ఏదో పట్టుకొని గబగబా వచ్చాడు. ప్రసాదమేమో అని చెయ్యి చాపబోయాను.

"గట్టిగ వచ్చిందక్కా!" అన్నాడు.

"థూ! అవతలికి తీసుకపో! నీకు ముక్కు లేదు, నాకున్నది!" అని నేను మొత్తుకుంటుంటే గల్లీ అంతా పగలబడి నవ్వింది. ఆయనా నవ్వాడు. పెంటవ్వ పోయాక ఆ మనిషి పళ్ళు నేను చూసింది ఆ రోజే.

ఆ నెల బాగా గడిచింది. రాధాకుమారి మెట్లు దిగుతూ ముక్కు మూసుకోవడం మానేసింది. పిల్లి ఒళ్ళు చేసింది. సాయంత్రం ఆయన కట్ట మీద నడుస్తుంటే మంజీర భుజం మీద కూర్చొని కాలువ నీళ్ళను చూసేది. పెంటవ్వకు ఎన్నడూ కాలువ చూపించలేదని, ఆమెకు చాట వదిలి లేవడానికి తీరికెక్కడిదని, నడుస్తూ నడుస్తూ ఒకసారి నాతో అన్నాడు.

దసరాకు రాధాకుమారి చుట్టాలు దిగారు. ఇల్లంతా సందడి, గారెల వాసన, పిల్లల ఉరుకులాట. వచ్చినవాళ్ళలో ఒకావిడ మెట్ల కింద పిల్లిని చూసి ముచ్చటపడి, గిన్నెడు సేమియా పాయసం దాని ముందు పెట్టింది. చిక్కటి పాలు, నెయ్యి, చక్కెర. మంచి మనసుతోనే పెట్టింది. హన్మంతు ఆ సమయానికి ఇసుక కోసం కాలువకు పోయి ఉన్నాడు. మంజీర గిన్నె అద్దంలా నాకేసింది.

మర్నాటికి కథ మొదటికొచ్చింది. తట్టదాకా పోయే ఓపిక కూడా దానికి లేకపోయింది. మెట్ల మీద, గుమ్మంలో, చివరికి చుట్టాలు విడిచిన కొత్త చెప్పుల మీద. పైన భోజనాలు చేస్తున్నవాళ్ళు విస్తళ్ళ ముందు నుంచి లేచారు. రాధాకుమారి కిందికి వచ్చినప్పుడు ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కోపంతోనో అవమానంతోనో.

"నా పరువు తీశారండీ! ఎన్నిసార్లు చెప్పాను? మావాళ్ళు ఇంకా ఉంటారు. మళ్ళీ ఒక్కసారి వాసనొచ్చిందా, పండగని కూడా చూడను. సామాను బయట పెట్టిస్తా!"

పాయసం సంగతి ఆమెకు తెలియదు. నాకూ ఆ తర్వాతే తెలిసింది. హన్మంతు గోనెపట్టా తెచ్చి మెట్లు తుడిచాడు. ఆ చెప్పులు తీసుకుపోయి పంపు కింద కడిగి తెచ్చి వరసగా పెట్టాడు. ఈలోపల రాధాకుమారి పనిమనిషితో గది నేలంతా, గోడలు చెయ్యి అందినంత మేరా ఫినాయిలు కొట్టించింది. ఆయన అడ్డం పోలేదు. పిల్లిని ఎత్తుకొని గుమ్మం బయట నిలబడి చూస్తూ ఉన్నాడు, అంతే.

మరుసటి పొద్దున నేను భయపడుతూనే పోయాను. గుమ్మంలోనే ఆగి పీల్చాను. ఫినాయిలు తప్ప ఇంకేం లేదు. లోపలికి పోయి తట్ట చూశాను. ఇసుక ఆరబోసినట్టు పొడిగా, నున్నగా ఉంది.

"ఏం జేసినవ్ తమ్మీ? జాదూ జేసినవా?"

"ఫికర్ లేదు ఇగ" అన్నాడు హన్మంతు. మొఖంలో పాత లష్కర్ కళ వచ్చింది. "తూము బంద్ జేసిన."

ఒకటి రెండు పూటలు తిండి ఆపాడనుకున్నాను. నేనూ సంబరపడ్డాను. మధ్యాహ్నం రాధాకుమారి స్వయంగా పళ్ళెంలో గారెలు తెచ్చి ఇచ్చింది. "నిన్న కోపంలో ఏదేదో అన్నాను, ఏమనుకోకండి. ఈ రోజు అసలు పిల్లి ఉన్నట్టే లేదు" అంది. ఆ మాటకు హన్మంతు చేతులు జోడించాడు.

ఆ తర్వాతి రోజు కూడా వాసన లేదు. తట్టలో ఇసుక ముందురోజు ఎలా ఉందో అలాగే ఉంది. పిల్లి గీత కూడా లేదు దాని మీద.  కడుపులో పడింది ఎక్కడికి పోతున్నట్టు? గది నాలుగు మూలలా చూశాను. తిండిగిన్నె కడిగి బోర్లించి ఉంది. నీళ్ళగిన్నె దాని పక్కనే బోర్లించి ఉంది. ఎప్పుడూ నేల మీద ఉండే మంచినీళ్ళ కుండ అటక మీదికి ఎక్కి ఉంది.

"కుండ పైకెందుకు వోయింది?"

"నీళ్ళగిన్నె తీసిన గదా, అది పోయి కుండ చెమ్మ నాకుతుంది అక్కా. గందుకే పైన వెట్టిన."

 "నీళ్ళు గూడ ఇస్తలేవా దానికి?"

"ఇస్తే పొట్ట ఆగుతదా? గండి వడ్డది గదా దానికి. ముందుగాల పైనుంచి వచ్చేది బంద్ జెయ్యాలె. ఇప్పుడు జూడు, ఎంత మంచిగ ఆగిందో. లొల్లి గూడ జేస్తలేదు. నిమ్మలంగ పండుకున్నది."

పిల్లి పెంటవ్వ చాటలో పడుకొని ఉంది. పడుకున్నట్టు లేదది, పెట్టినట్టు ఉంది. కళ్ళు గుంటలు పడ్డాయి. మెడ మీది తోలు వేళ్ళతో పట్టి వదిలితే మడత మడతలాగే నిలబడిపోయింది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు ఎండి జిగురు పట్టాయి. నా చెయ్యి తగిలినా కళ్ళు తెరవలేదు.

"హన్మంతూ, ఇది నిద్ర గాదురా" అన్నాను. "లెవ్వు. దవాఖానకు వోదాం, లెవ్వు!"

చాటతో సహా ఎత్తుకొని ఆటోలో కూర్చున్నాం. దారి పొడుగునా ఆయన రెండు చేతులూ చాటకు అటూ ఇటూ అడ్డం పెట్టి, గుంతల్లో ఆటో కుదిపినప్పుడల్లా పైకెత్తి పట్టుకున్నాడు.

పశువుల దవాఖానలో డాక్టరమ్మ ప్రియదర్శిని చిన్న వయసు పిల్ల. పండగ సెలవైనా ఒక బర్రెకు కాన్పు కష్టమైందని అదృష్టంకొద్దీ వచ్చి ఉంది. చేతులు కడుక్కొని వచ్చి పిల్లిని ముట్టుకోగానే ఆమె మొఖం మారింది. తోలు కిందికి సెలైను ఎక్కిస్తూ అడిగింది.

"పెద్దయ్యా, నీళ్ళు ఎప్పటి సంది తాగలేదు?"

హన్మంతు చెప్పాడు. గండి ముచ్చట కూడా మొదలుపెట్టాడు. గండి పడితే తూము ఎందుకు మూస్తారో, నీళ్ళు రాకపోతే గండి ఎలా నిలుస్తుందో. చెబుతూ చెబుతూ డాక్టరమ్మ మొఖం చూసి మధ్యలో ఆపేశాడు.

ఆమె కసురుకోలేదు. కసురుకున్నా బాగుండేది.

"కాలువకు నీళ్ళు పైనుంచి వస్తయ్ పెద్దయ్యా. తూము మూస్తే ఆగుతయ్. దీనికట్ల గాదు. పొట్ట వోయినప్పుడు దీని ఒంట్ల ఉన్న నీళ్ళే బయటికి వోతయ్. అప్పుడే ఇంక ఎక్కువ తాపాలె. చిన్నపిల్లకు తిండి ఆపినా కష్టమే, నీళ్ళు ఆపితే లోపలంత ఎండిపోతది."

"ఆగింది గదమ్మా మరి?" అన్నాడు హన్మంతు చిన్నగా.

"పోవడానికి ఏం మిగల్లేదు గందుకే ఆగింది."

 సెలైను అయ్యాక డాక్టరమ్మ సూది లేని చిన్న పిచికారీ ఒకటి ఇచ్చి, కొద్దికొద్దిగా నీళ్ళు తాపుతూ ఉండమంది. ఒళ్ళు వెచ్చగా ఉంచమంది. ఇంతకు మించి ఏమీ చెప్పలేనంది.

ఇంటికి వచ్చాక ఆయన పెంటవ్వ పాతచీర ముక్కలో పిల్లిని చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను అటక మీది కుండ దించాను. పిచికారీతో నీళ్ళు వదిలితే సగం మూతి పక్కనుంచి కారిపోయాయి. అప్పుడు హన్మంతు అరచేతిలో కొన్ని నీళ్ళు పోసుకొని దాని మూతి దగ్గర పెట్టాడు. అది కళ్ళు తెరిచింది. నాలుక బయటికి తీసి, ఒకసారి, మళ్ళీ ఒకసారి నాకింది.

"తాగుతుందక్కా! తాగుతుంది!" అన్నాడు. "తాగు మంజీరా, ఇగ నీకు వంతు లేదు బిడ్డా. ఎన్ని గావాలంటే అన్ని తాగు. నీ ఇష్టం."

నేను కూడా నమ్మాను. పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చానని గుర్తొచ్చి ఇంటికి పోయి, మళ్ళీ వచ్చేసరికి పొద్దు వాలుతోంది. హన్మంతు కదలకుండా అలాగే కూర్చొని ఉన్నాడు. అరచేతిలో నీళ్ళు అలాగే ఉన్నాయి. పిల్లి తల ఆయన బొటనవేలి మీద వాలి ఉంది.

కాలువ కట్ట మీద, ఆయన ఏళ్ళ తరబడి తిప్పిన తూము పక్కన దాన్ని పూడ్చిపెట్టాడు. చాటలోనే తీసుకుపోయాడు, వట్టి చాట వెనక్కి తెచ్చి గోడకు ఆనించాడు. కాలువలో నీళ్ళు నిండుగా పోతున్నాయి ఆ రోజు.

చుట్టాలు వెళ్ళిపోయాక రాధాకుమారికి పాయసం సంగతి, దాని తర్వాతి సంగతి నేనే చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమె తర్వాత కిందిగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఓదార్పుగా ఏం అనాలో తెలియక, తెలిసిన మాటే అంది.

"మీరు ఎక్కడికీ వెళ్ళొద్దు బాబాయ్ గారూ. ఈ గది మీదే. ఇప్పుడేం వాసన కూడా లేదు."

 తట్ట హన్మంతు ముందే ఉంది. నున్నటి ఇసుక అలాగే ఉంది దాంట్లో. ఆమె కొంగుతో కళ్ళొత్తుకొని పైకి వెళ్ళిపోయింది.

నేను లేవబోతుంటే ఆయన పిలిచాడు.

"అక్కా, నువ్వు పీల్చి చెప్పు. నిజంగనే ఏం వాసన వస్తలేదా?"

నేను వంగి తట్ట దగ్గర పీల్చాను. ఎండిన ఇసుక వాసనే. గోడ దగ్గరికి పోయి, పెంటవ్వ ఎప్పుడూ వీపు ఆనించే చోట ముక్కు పెట్టి పీల్చాను. ఫినాయిలు. ఇంకోసారి పీల్చాను, ఇంకొంచెం పైన, ఇంకొంచెం పక్కన. అంతా ఫినాయిలే.

"వస్తుంది తమ్మీ" అన్నాను.

"దేనిది? తంబాకుదా, పిల్లదా?"

"రెండిటిది."

ఆయన తలూపాడు. కిటికీ తలుపు బార్లా తెరిచి ఉంది. మెల్లగా లేచి పోయి, దాన్ని దగ్గరికి లాగి, గొళ్ళెం పెట్టాడు.